యూరోపియన్ ఇంటిగ్రేషన్‌లో పీజీ చేయాలంటే: కోర్సు ఎంపిక నుంచి ఉద్యోగం దాకా

బ్రస్సెల్స్‌లో రాసిన నిబంధన భీమవరం రొయ్యల చెరువు గట్టు దాకా వస్తుంది. యాంటీబయాటిక్ అవశేషాల భయంతో యూరోపియన్ యూనియన్ 2016లో మన దేశపు చెరువు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అక్కడి రేవులో కంటైనర్ ఆగితే దాని దెబ్బ ఇక్కడి రైతు మీద పడుతుంది. 2013 జూలై నుంచి మందుల ముడిసరుకు యూరప్‌కు పంపాలంటే మన ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చే రాతపూర్వక ధ్రువీకరణ ఉండాలి. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఆ కాగితం విలువ బాగా తెలుసు.

ఇలాంటి నిబంధనను ఎవరు ప్రతిపాదిస్తారు, ఎవరు అడ్డుకుంటారు, 27 దేశాలు తమ అధికారంలో కొంత వదులుకుని ఒకే చట్టానికి ఎందుకు కట్టుబడతాయి? యూరోపియన్ ఇంటిగ్రేషన్ అనే సబ్జెక్టు పుట్టిందే ఈ ప్రశ్నల నుంచి. మన దగ్గర దీని గురించి సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. కన్సల్టెన్సీలకు వెళితే ఎంఎస్, ఎంబీఏ దాటి మాట రాదు. అందుకే డిగ్రీ పూర్తవుతున్న, లేదా ఒకటి రెండేళ్లు ఉద్యోగం చేసి దారి మారాలనుకుంటున్న తెలుగు విద్యార్థుల కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఈయూలో ఉద్యోగం కోసం ఈ డిగ్రీ చేయకండి. ఈయూ చట్టం తెలిసిన మనిషి అవసరమయ్యే చోట్లు బ్రస్సెల్స్‌లోనూ ఢిల్లీలోనూ హైదరాబాద్‌లోనూ చాలా ఉన్నాయి, వాటి కోసం చేయండి. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ ఒక్క మాట మీదే నిలబడుతుంది.

మొదటి మెట్టు: పౌరసత్వం లెక్క ముందే చూసుకోండి

యూరోపియన్ కమిషన్, పార్లమెంట్, కౌన్సిల్ లాంటి సంస్థల్లో శాశ్వత ఉద్యోగాలకు ఈపీఎస్ఓ అనే కార్యాలయం పోటీ పరీక్షలు పెడుతుంది. డిగ్రీతో చేరేవాళ్ల ప్రారంభ స్థాయి ఏడీ5. వీటికి ఏదో ఒక సభ్య దేశపు పౌరసత్వం ఉండాలి. కాంట్రాక్టు ఉద్యోగాలకూ మామూలుగా ఇదే నియమం. ఎంత పెద్ద యూనివర్సిటీలో చదివినా భారత పాస్‌పోర్టుతో ఈ తలుపు తెరుచుకోదు.

కొన్నేళ్లు అక్కడే ఉండి పౌరసత్వం తీసుకుంటే? బెల్జియం, జర్మనీల్లో ఐదేళ్ల చట్టబద్ధ నివాసం తర్వాత, మిగతా షరతులు కూడా తీరితే, దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. భారత పౌరసత్వం వదులుకుని ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవాలి. ఇది ఇంట్లో కూర్చుని తీరిగ్గా మాట్లాడుకోవాల్సిన విషయం. లోన్ తీసుకుని, విమానం ఎక్కి, అక్కడ చదువు సగంలో ఉన్నప్పుడు తెలుసుకుంటే టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు.

అలాగని అన్ని తలుపులూ మూసుకుపోలేదు. కమిషన్ నడిపే బ్లూ బుక్ ట్రైనీషిప్ ఐదు నెలలు ఉంటుంది, ఏటా మార్చి 1న ఒక బ్యాచ్, అక్టోబర్ 1న ఒక బ్యాచ్ మొదలవుతాయి, స్టైపెండ్ ఇస్తారు. ఇందులో సభ్యేతర దేశాల వాళ్లకు కొన్ని సీట్లు ఉంటాయి. అయితే ఈయూ సంస్థలో ఇదివరకే ఆరు వారాలకు మించి ట్రైనీగా చేసి ఉంటే అర్హత పోతుంది. కాబట్టి చిన్నాచితకా ఇంటర్న్‌షిప్‌తో ఈ అవకాశాన్ని పాడుచేసుకోవద్దు. ఢిల్లీలోని ఈయూ రాయబార కార్యాలయం స్థానిక ఉద్యోగులను కూడా తీసుకుంటుంది. వాణిజ్యం, వాతావరణం, అభివృద్ధి ప్రాజెక్టుల లాంటి విభాగాల్లో వచ్చే ఈ పోస్టులకు ఈయూ పౌరసత్వం అక్కర్లేదు.

రెండో మెట్టు: సబ్జెక్టు లోపలికి ఒకసారి తొంగిచూడండి

పేరు చూసి యూరప్ చరిత్ర, కళలు, సంస్కృతి చదువుతామని అనుకునేవాళ్లు ఎక్కువ. అలాంటి కోర్సులు కూడా ఉన్నాయి కానీ వాటి దారి వేరు. ఇంటిగ్రేషన్ అంటే ప్రధానంగా రాజకీయం, చట్టం, ఆర్థికం కలిసిన చదువు.

కథ 1950 మే 9న మొదలవుతుంది. ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఫ్రాన్స్, జర్మనీల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే ఉమ్మడి అధికారం కింద పెడదామని ప్రకటించారు. ఆలోచన వెనక ఉన్న మనిషి జాన్ మోనే. యుద్ధానికి కావాల్సిన ముడిసరుకే ఉమ్మడి అయిపోతే ఒకరి మీద ఒకరు యుద్ధం చేయడం కుదరదన్నది వాళ్ల లెక్క. 1951లో ప్యారిస్ ఒప్పందం, 1957లో రోమ్ ఒప్పందం, 1986లో సింగిల్ యూరోపియన్ యాక్ట్, 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందం, 2007లో లిస్బన్ ఒప్పందం వచ్చాయి. వీటిలో ప్రతి ఒక్కటీ ఏ సంస్థ చేతికి ఏ అధికారం ఇచ్చిందో చెప్పగలిగితే మొదటి సెమిస్టర్‌లో సగం భారం తగ్గినట్టే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం లక్సెంబర్గ్‌లోని ఈయూ న్యాయస్థానం కథ. వాన్ గెండ్ ఎన్ లూస్ అనే డచ్ రవాణా కంపెనీ జర్మనీ నుంచి ఒక రసాయనం దిగుమతి చేసుకుంటే పన్ను ఎక్కువ వేశారు. కంపెనీ కోర్టుకు వెళ్లింది. రోమ్ ఒప్పందం దేశాలకే కాదు, పౌరులకూ నేరుగా హక్కులిస్తుందని 1963లో కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది కోస్టా అనే ఇటలీ న్యాయవాది కరెంటు బిల్లు కట్టనని మొండికేసిన కేసు వచ్చింది. దేశ చట్టానికీ ఉమ్మడి చట్టానికీ పేచీ వస్తే ఉమ్మడి చట్టమే పైచేయి అని అందులో తీర్పు వచ్చింది. 1979లో కాసిస్ ద డిజాన్ అనే ఫ్రెంచ్ మద్యాన్ని జర్మనీలో అమ్మనివ్వని కేసులో, ఒక సభ్య దేశంలో చట్టబద్ధంగా తయారై అమ్ముడయ్యే వస్తువును గట్టి కారణం లేకుండా మరో దేశం ఆపకూడదని చెప్పింది. ఒక పన్ను గొడవ, ఒక కరెంటు బిల్లు, ఒక మద్యం సీసా కలిసి ఇవాళ్టి సింగిల్ మార్కెట్‌కు పునాది వేశాయి. ఈ మూడు తీర్పులనూ సారాంశాలతో సరిపెట్టకుండా పూర్తిగా చదవండి. విసుగు పుట్టకుండా చదవగలిగితే ఈ సబ్జెక్టు మీకు సరిపడుతుంది.

సిద్ధాంతాల పేపర్ ఒకటి ఎక్కడైనా తప్పదు. ఒక రంగంలో కలిసి పనిచేయడం మొదలుపెడితే అది పక్క రంగాల్లోకి పాకుతుందన్నది ఎర్నెస్ట్ హాస్ చెప్పిన నియోఫంక్షనలిజం. అలా ఏమీ కాదు, పెద్ద దేశాల ప్రభుత్వాలు తమ లాభం చూసుకుని బేరాలాడిన ఫలితమే ఇదంతా అన్నది ఆండ్రూ మొరావ్చిక్ వాదం. ఆ తర్వాత లీస్‌బెట్ హూగ్, గ్యారీ మార్క్స్ వచ్చి సామాన్య ప్రజల గుర్తింపు రాజకీయాలు కూడా ఇందులోకి చొరబడ్డాయని చెప్పారు. 2020 జనవరి 31న బ్రిటన్ బయటకు వెళ్లిన కథను ఈ మూడింటితోనూ విడివిడిగా వివరించి చూడండి, ఏది ఎక్కడ తడబడుతుందో మీకే తెలుస్తుంది.

మొదట్లో చాలామంది తడబడే చోటు ఒకటుంది. యూరోపియన్ కౌన్సిల్ అంటే దేశాధినేతల, ప్రధానుల సమావేశం. ఉత్త కౌన్సిల్ అంటే సభ్య దేశాల మంత్రులు కూర్చుని చట్టాలు చేసే సభ. కౌన్సిల్ ఆఫ్ యూరప్ అసలు ఈయూ సంస్థే కాదు, 1949లో పుట్టి స్ట్రాస్‌బర్గ్ కేంద్రంగా పనిచేసే వేరే సంస్థ, మానవ హక్కుల కోర్టు దాని పరిధిలోది. ఈ మూడింటినీ కలిపేస్తే ఇంటర్వ్యూలో మొదటి ఐదు నిమిషాల్లోనే దొరికిపోతారు.

మూడో మెట్టు: ఒక రంగం పట్టుకోండి

దరఖాస్తులకు ముందే చేయాల్సిన పని ఇది. దీన్ని చదువయ్యాక చూసుకుందామని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఈయూ గురించి అన్నీ కొద్దికొద్దిగా తెలిసినవాళ్లు బ్రస్సెల్స్‌లో వేలమంది ఉన్నారు. వాళ్లలో చాలామందికి మూడు నాలుగు భాషలొచ్చు, పాస్‌పోర్టూ ఉంది. వాళ్లకు లేనిది మీ దగ్గర ఏముంది? మన ప్రాంతపు పరిశ్రమ గురించిన అవగాహన ఉంది. దాన్నే పెట్టుబడిగా పెట్టండి.

ఆహార భద్రత తీసుకోండి. రొయ్యలతో పాటు గుంటూరు మిర్చి కూడా ఇందులోకే వస్తుంది. పురుగుమందుల అవశేషాలు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పరీక్షలు దాన్ని నీడలా వెంటాడుతుంటాయి. సభ్య దేశాల సరిహద్దుల్లో ఏ సరుకు ఎందుకు తిరస్కరించారో రాస్ఫ్ అనే హెచ్చరికల వ్యవస్థలో నమోదవుతుంది. ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. అగ్రికల్చర్, ఫుడ్ టెక్నాలజీ, ఫిషరీస్ చదివినవాళ్లకు ఇది పుట్టింటి లాంటి రంగం.

మందుల రంగం ఇంకోటి. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ బ్రెగ్జిట్ కారణంగా 2019లో లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు మారింది. తయారీ ప్రమాణాల తనిఖీలు, జెనరిక్ మందుల అనుమతులు, రసాయనాలకు సంబంధించిన రీచ్ నిబంధనలు ఈ రంగంలో ముఖ్యం. బీఫార్మసీ చేసినవాళ్లు రెగ్యులేటరీ అఫైర్స్ విభాగంలో ఫైళ్లు తయారుచేయడం దగ్గరే ఆగిపోతున్నారు. ఆ ఫైలు అడిగే చట్టం ఎలా పుట్టింది, రేపు ఎటు మారబోతోంది అని చెప్పగలిగే మనిషి స్థాయి వేరు.

వాతావరణం, ఉక్కు, సిమెంటు చూడండి. సరిహద్దు దగ్గర కార్బన్ లెక్క కట్టే సీబామ్ వ్యవస్థ 2023 అక్టోబర్ 1న సమాచార సేకరణతో మొదలై, 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దీని పరిధిలో ఉన్నాయి. టన్ను ఉక్కు తయారీలో ఎంత కార్బన్ వెలువడిందో లెక్క చూపించాలి. విశాఖలో మెటలర్జీ చదివిన ఇంజినీర్ ఈ చట్టం కూడా నేర్చుకుంటే ఎగుమతి కంపెనీలకు ఎంతగా ఉపయోగపడతాడో ఊహించుకోండి. అడవులు నరికిన భూమిలో పండిన కాఫీ, కోకో, రబ్బరు లాంటివి రాకుండా ఆపే మరో రెగ్యులేషన్ 2023లోనే వచ్చింది. తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపాలని అది అడుగుతుంది. దాని అమలు తేదీని వాయిదా వేస్తూ వచ్చారు, కానీ ఎకరం రెండెకరాల గిరిజన రైతులున్న అరకు కాఫీకి ఆ షరతు అంటే ఏమిటో ఆలోచిస్తే మంచి థీసిస్ అంశం అక్కడే దొరుకుతుంది.

ఇక ఐటీ. ఈయూ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. ఉల్లంఘిస్తే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం దాకా జరిమానా పడొచ్చు. కృత్రిమ మేధ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, దాని నియమాలు దశలవారీగా వర్తిస్తాయి. ఒక దేశంలో వ్యక్తిగత డేటాకు తగినంత రక్షణ ఉందని ఈయూ ఇచ్చే అడిక్వసీ గుర్తింపు మన దేశానికి లేదు. అందువల్ల యూరప్ కస్టమర్ల డేటా చూసే హైదరాబాద్ కంపెనీలు ప్రత్యేక ఒప్పంద నిబంధనల మీద ఆధారపడతాయి. బీటెక్ చేసి నాలుగేళ్లు కోడ్ రాసినవాళ్లు ఈ చదువులోకి రావడానికి ఇదే సహజమైన దారి.

నాలుగో మెట్టు: ఒక చట్టం వెంట మొదటి నుంచి చివరి దాకా నడవండి

దరఖాస్తుకు ముందు రెండు మూడు నెలలు ఈ పని పెట్టుకోండి. ఖర్చు లేదు. మీరు ఎంచుకున్న రంగంలో ఒక చట్టాన్ని తీసుకుని అది పుట్టిన దారంతా చూడాలి. ఉదాహరణకు సీబామ్.

కమిషన్ దీన్ని 2021 జూలై 14న ప్రతిపాదించింది. ప్రతిపాదన ముందుమాటలో ఎందుకు తెస్తున్నారో ఉంటుంది, వెంట ప్రభావ అంచనా నివేదిక ఉంటుంది. తర్వాత పార్లమెంట్‌లో పర్యావరణ కమిటీకి వెళ్లింది. నెదర్లాండ్స్ సభ్యుడు మొహమ్మద్ షహిమ్ దానికి రాపోర్టర్, అంటే పార్లమెంట్ తరఫున ఆ ఫైలు మోసే మనిషి. అదే సమయంలో కౌన్సిల్‌లో సభ్య దేశాల అధికారులు వర్కింగ్ పార్టీల్లో వాక్యం వాక్యం చర్చించారు. చివరికి మూడు సంస్థల ప్రతినిధులు తలుపులు మూసుకుని బేరమాడే ట్రైలాగ్‌లో 2022 డిసెంబర్‌లో ఒప్పందం కుదిరింది. 2023 మే 10 తేదీతో 2023/956 నంబర్ రెగ్యులేషన్‌గా బయటికొచ్చింది.

ఇవన్నీ ఈయూఆర్-లెక్స్ అనే అధికారిక వెబ్‌సైట్‌లోనూ, పార్లమెంట్ వారి లెజిస్లేటివ్ అబ్జర్వేటరీలోనూ ఉచితంగా చూడొచ్చు. మొదటి ప్రతిపాదననూ చివరి చట్టాన్నీ పక్కపక్కన పెట్టుకోండి. ఏ పదార్థం కొత్తగా చేరింది, ఏ గడువు జరిగింది, ఏ మినహాయింపు ఎవరి కోసం వచ్చింది అని రెండు పేజీల్లో రాసుకోండి. రెగ్యులేషన్ అయితే అన్ని దేశాల్లో నేరుగా వర్తిస్తుంది, డైరెక్టివ్ అయితే ప్రతి దేశం సొంత చట్టం చేసుకోవాలి అన్న తేడా అప్పుడు బట్టీ పట్టనక్కర్లేకుండానే గుర్తుండిపోతుంది. కౌన్సిల్‌లో అర్హత మెజారిటీ అంటే 55 శాతం దేశాలు, 65 శాతం జనాభా అన్న లెక్క కూడా అంతే.

ఇంకో మంచి పని ఉంది. కమిషన్ కొత్త నిబంధన తేబోయే ముందు అభిప్రాయాలు అడుగుతుంది. ప్రపంచంలో ఎక్కడివాళ్లైనా రాసి పంపొచ్చు. మీ రంగంలో అలాంటి పిలుపు కనిపిస్తే పేజీన్నర అభిప్రాయం పంపండి. అది మీ పేరుతో సైట్‌లో కనిపిస్తుంది, దరఖాస్తులో చూపించుకోవడానికి ఇంతకంటే బలమైన రుజువు ఉండదు.

ఐదో మెట్టు: కోర్సు, యూనివర్సిటీ

ర్యాంకుల పట్టికలు ఇక్కడ పెద్దగా పనికిరావు. కోర్సు మొగ్గు ఎటువైపో చూడండి.

కాలేజ్ ఆఫ్ యూరప్ ఈ రంగంలో అన్నిటికంటే పాతది. 1949లో బెల్జియంలోని బ్రూజ్‌లో మొదలైంది, 1992లో పోలండ్ రాజధాని వార్సాలోని నాటొలిన్‌లో, 2024లో అల్బేనియా రాజధాని టిరానాలో క్యాంపస్‌లు తెరిచింది. ఏడాది కూడా నిండని తీవ్రమైన కోర్సు, విద్యార్థులంతా ఒకేచోట ఉంటారు, ఇంగ్లిష్‌తో పాటు ఫ్రెంచ్ వాడకం కూడా ఎక్కువ. రాజకీయం, చట్టం, ఆర్థికం, విదేశీ సంబంధాలు వేర్వేరు విభాగాలు. బ్రస్సెల్స్‌లో ఎక్కడికి వెళ్లినా దీని పూర్వ విద్యార్థులు కనిపిస్తారు. ఖర్చు మాత్రం బసతో, భోజనంతో కలిపి 25 వేల యూరోలు దాటుతుంది, కాబట్టి స్కాలర్‌షిప్ లేకుండా తలపెట్టడం కష్టం.

బెల్జియంలోనే కేయూ లూవెన్ ఉంది, బ్రస్సెల్స్‌కు రైలులో అరగంట దూరం కూడా లేదు. నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ చిన్న బృందాల్లో సమస్యలు పరిష్కరిస్తూ నేర్పే పద్ధతికి పేరు పొందింది. తరగతిలో నోరు విప్పి వాదించాల్సిందే, వెనక బెంచీలో కూర్చుని నోట్స్ రాసుకుంటే అక్కడ నడవదు. జర్మనీలో బాన్ యూనివర్సిటీకి చెందిన యూరోపియన్ ఇంటిగ్రేషన్ కేంద్రం, లా చదివినవాళ్లకు సార్‌బ్రూకెన్‌లోని యూరోపా ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. పోలండ్‌లో క్రాకోవ్‌లోని యాగిల్లోనియన్ యూనివర్సిటీలో జీవన వ్యయం తక్కువ, తూర్పు యూరప్ కోణం బలంగా ఉంటుంది. లండన్‌లో ఎల్ఎస్ఈ గొప్పదే, కానీ ఫీజే 25 వేల పౌండ్లు దాటుతుంది. పైగా బ్రిటన్ వీసాతో బ్రస్సెల్స్‌లో ఉద్యోగం వెతకడం వేరే తలనొప్పి. అప్పు చేసి వెళ్లేవాళ్లకు నేను దాన్ని సిఫారసు చేయను.

రెండు మూడు దేశాల్లో చదివించే ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్‌ను తప్పకుండా చూడండి. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు రెండేళ్ల దాకా ఇస్తారు. ఎంపికయ్యే దేశాల్లో మన దేశం ముందు వరుసలో ఉంటోంది. ఏటా జాబితా మారుతుంది. కోర్సు కొనసాగుతున్నా ఆ ఏడాది స్కాలర్‌షిప్ లేకపోవచ్చు, అధికారిక కేటలాగ్‌లో చూసి నిర్ధారించుకోండి.

అర్హత దగ్గర రెండు మాటలు. మన మూడేళ్ల బీఏ, బీకాంలను చాలాచోట్ల ఒప్పుకుంటారు కానీ అన్నిచోట్లా కాదు. జర్మనీకైతే విదేశీ డిగ్రీల గుర్తింపు చూపే అనాబిన్ డేటాబేస్‌లో మీ యూనివర్సిటీ స్థాయి చూసుకోవాలి, మీ చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి. బీటెక్ వాళ్లను కొన్ని కోర్సులు సోషల్ సైన్స్ క్రెడిట్లు లేవని తిప్పి పంపుతాయి. అంతర్విభాగ కోర్సులు, డిజిటల్ లేదా ఇంధన విధానం మీద మొగ్గున్న కోర్సులు రానిస్తాయి. అనుమానం ఉంటే ఫీజు కట్టకముందే అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టండి, రెండు వాక్యాల్లో జవాబిస్తారు.

ఆరో మెట్టు: డబ్బు

జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో సాధారణ మాస్టర్స్‌కు చాలా రాష్ట్రాల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్‌లో మాత్రం ఈయూ బయటివాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. యూరోపియన్ స్టడీస్‌లో కొన్ని ప్రత్యేక కోర్సులకు విడిగా ఫీజు ఉంటుంది, ఇది గమనించకుండా జర్మనీ అంటే ఉచితం అనుకోవద్దు. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపాలన్నది 2024 సెప్టెంబర్ నుంచి ఉన్న లెక్క. మాస్ట్రిక్ట్ లాంటి డచ్ యూనివర్సిటీల్లో మనవాళ్లకు ఫీజు 15 వేల యూరోల పైనే ఉంటుంది.

స్కాలర్‌షిప్‌లలో జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ వారి హెల్ముట్ ష్మిట్ కార్యక్రమం పబ్లిక్ పాలసీ వైపు వెళ్లేవాళ్లకు మంచిది. ఫ్రాన్స్ ఐఫెల్ స్కాలర్‌షిప్‌కు మీరు నేరుగా కాకుండా యూనివర్సిటీయే మీ పేరు పంపాలి, కాబట్టి ముందే వాళ్లతో మాట్లాడుకోవాలి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యానిధి పథకాల కింద 20 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. ఏ దేశాలు జాబితాలో ఉన్నాయో, మీ కోర్సు విభాగం అందులోకి వస్తుందో లేదో ప్రకటన వచ్చినప్పుడు జాగ్రత్తగా చదవండి.

పార్ట్‌టైమ్ సంపాదనతో ఫీజు కడదామన్న ఆలోచన ఈ చదువులో పెట్టుకోకండి. బెల్జియంలో చదువు రోజుల్లో వారానికి 20 గంటలు, నెదర్లాండ్స్‌లో 16 గంటల పరిమితి ఉంది. అంతకంటే ముఖ్యంగా, వారానికి వందల పేజీలు చదవాలి. ఆ సమయం హోటల్ పనికి పోతే డిగ్రీ చేతికొస్తుంది కానీ పని రాదు.

ఏడో మెట్టు: భాష, దరఖాస్తు

ఇంగ్లిష్‌కు ఐఈఎల్‌టీఎస్ 6.5 నుంచి 7 దాకా అడుగుతారు. రెండో యూరప్ భాషే అసలు తేడా చూపించేది. ఫ్రెంచ్ నా మొదటి ఓటు: లక్సెంబర్గ్ కోర్టు లోపలి పనంతా ఫ్రెంచ్‌లోనే నడుస్తుంది, బ్రస్సెల్స్ వీధిలోనూ అదే. పరిశ్రమల వైపు వెళ్లేవాళ్లకు జర్మన్ మేలు. హైదరాబాద్‌లో ఇఫ్లూ, అలయన్స్ ఫ్రాన్సేజ్, గ్యోతె సెంట్రమ్ ఉన్నాయి. వారానికి కొన్ని గంటల క్లాసులతో ధారాళంగా మాట్లాడగలిగే బీ2 స్థాయికి చేరడానికి రెండేళ్లు పట్టడం మామూలే, కాబట్టి డిగ్రీ రెండో ఏడాదిలోనే చేరండి.

ఎస్ఓపీలో, అంటే ఈ కోర్సు ఎందుకో మీరు రాసే లేఖలో, యూరప్ సంస్కృతి మీద చిన్నప్పటి నుంచి ఉన్న మక్కువ గురించి రాయకండి. చదివేవాళ్లు అలాంటివి గుట్టలుగా చూస్తారు. ఒక ప్రశ్నతో వెళ్లండి: ‘రొయ్యల పరీక్ష వాటాను పెంచే నిర్ణయంలో సభ్య దేశాల కమిటీ పాత్ర ఎంత, ఎగుమతి చేసే దేశం మాట అక్కడ ఎలా వినపడుతుంది?’ నాలుగో మెట్టులో రాసుకున్న రెండు పేజీలు ఇక్కడ అక్కరకొస్తాయి. సిఫారసు లేఖ కూడా ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి కాకుండా, మీ రాత పని చూసిన లెక్చరర్ దగ్గర్నుంచి తీసుకోండి.

కాలం లెక్క: సెప్టెంబర్‌లో చదువు మొదలవ్వాలంటే అంతకు ముందు ఏడాది వేసవిలోనే కోర్సుల జాబితా సిద్ధం కావాలి. ఎరాస్మస్ ముండస్ దరఖాస్తులు ఎక్కువగా అక్టోబర్, జనవరి మధ్యలో తీసుకుంటారు, కాలేజ్ ఆఫ్ యూరప్ గడువు మామూలుగా జనవరిలో ముగుస్తుంది. ఏపీఎస్, ట్రాన్స్‌క్రిప్టులు, యూనివర్సిటీ సంతకాలు నెలలు తింటాయి. మన యూనివర్సిటీ పరీక్షల విభాగం చుట్టూ తిరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఎనిమిదో మెట్టు: అక్కడ ఉన్న ఏడాది

క్లాసులో మార్కుల కంటే థీసిస్ అంశం ముఖ్యం. మీ రంగానికీ మన దేశానికీ ముడిపడిన అంశమే తీసుకోండి. అక్కడి తోటి విద్యార్థులు బ్రెగ్జిట్ మీదో హంగరీ మీదో రాస్తారు, వాళ్లతో ఆ మైదానంలో పోటీ అనవసరం. భారత్–ఈయూ వాణిజ్య ఒప్పంద చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో తిరిగి మొదలైన తీరు ఒక్కటే పది థీసిస్‌లకు సరిపోతుంది.

బ్రస్సెల్స్‌కు తరచూ వెళ్లండి. సెప్స్, బ్రూగల్ లాంటి మేధో సంస్థల సదస్సులు చాలావరకు ఉచితం, పేరు నమోదు చేసుకుంటే చాలు. గురువారం సాయంత్రాలు పార్లమెంట్ ఎదుట ప్లాస్ లక్సెంబర్గ్‌లో యువ సహాయకులు, ఇంటర్న్‌లు, లాబీయిస్టులు గుమిగూడతారు. ఎక్కడ ఖాళీ ఉందో ప్రకటన కంటే ముందు అక్కడ తెలుస్తుంది. కొత్తవాళ్లతో మాట కలపడానికి మనవాళ్లు మొహమాటపడతారు. మీ రంగం గురించి ఒక స్పష్టమైన ప్రశ్న అడిగితే ఆ మొహమాటం దానంతటదే పోతుంది.

ఈయూ ట్రాన్స్‌పరెన్సీ రిజిస్టర్‌లో 12 వేలకు పైగా సంస్థలు నమోదై ఉన్నాయి: పరిశ్రమల సంఘాలు, కన్సల్టెన్సీలు, ఎన్‌జీవోలు, లా సంస్థలు. రంగాన్ని బట్టి వెతికి, మీ అంశం మీద పనిచేసేవాళ్ల జాబితా చేసుకుని, చదువు సగంలో ఉండగానే ఇంటర్న్‌షిప్‌కు రాయడం మొదలుపెట్టండి. జీతం లేని ఇంటర్న్‌షిప్‌లకు సరే అనేముందు మీ చేతిలో ఎన్ని నెలలకు సరిపడా డబ్బుందో చూసుకోండి.

తొమ్మిదో మెట్టు: ఉద్యోగం

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ 18 నెలలు, బెల్జియం 12 నెలలు, నెదర్లాండ్స్ ఒక ఏడాది అనుమతిస్తాయి. నెదర్లాండ్స్ అనుమతిని చదువయ్యాక మూడేళ్లలోపు ఎప్పుడైనా వాడుకోవచ్చు, కాబట్టి ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లే వీలుంది. మనవాళ్లకు అక్కడ తేలికగా దొరికేవి పరిశ్రమల సంఘాల్లో పాలసీ ఆఫీసర్, కన్సల్టెన్సీల్లో జూనియర్ కన్సల్టెంట్, కంపెనీల్లో డేటా రక్షణ లేదా కార్బన్ నివేదికల పనులు. వర్క్ పర్మిట్ ఇప్పించే ఓపిక చిన్న ఎన్‌జీవోలకు ఉండదు, పెద్ద కంపెనీలకు ఉంటుంది. వెతికే క్రమం కూడా అలాగే పెట్టుకోండి.

తిరిగి వచ్చేవాళ్లకు ఢిల్లీ పెద్ద కేంద్రం. విదేశీ వాణిజ్య విద్యా సంస్థ ఐఐఎఫ్‌టీ కింద నడిచే డబ్ల్యూటీవో అధ్యయన కేంద్రం, వాణిజ్య పెట్టుబడి చట్ట కేంద్రం ప్రభుత్వానికి చర్చల్లో సాయపడతాయి, పరిశోధకులను తీసుకుంటాయి. సభ్య దేశాల రాయబార కార్యాలయాల్లో వాణిజ్య విభాగాలు, ఇండో-జర్మన్ ఛాంబర్, ఇండో-ఫ్రెంచ్ ఛాంబర్, సీఐఐ, ఎగుమతిదారుల సంఘం ఎఫ్ఐఈవో ఉన్నాయి. ఐఎఫ్ఎస్ లక్ష్యమైతే యూపీఎస్సీ దారి ఎలాగూ ఉంది. ఈ డిగ్రీతో అదనపు మార్కులేమీ రావు కానీ అంతర్జాతీయ సంబంధాల పేపర్‌కూ ఇంటర్వ్యూకూ బలం.

హైదరాబాద్‌లో ఈ డిగ్రీ పేరు చూసి ఉద్యోగం ఇచ్చే ప్రకటన దాదాపు ఉండదు. ప్రకటనల్లో ప్రైవసీ అనలిస్ట్, రెగ్యులేటరీ ఇంటెలిజెన్స్, సస్టెయినబిలిటీ రిపోర్టింగ్, ట్రేడ్ కంప్లయన్స్ అని ఉంటుంది. ఆ పేర్లతో వెతకండి. రెజ్యూమెలో ‘ఎంఏ యూరోపియన్ స్టడీస్’ కంటే పైన, మీరు చదివి విశ్లేషించిన రెగ్యులేషన్ల పేర్లు రాయండి.

పరిశోధన వైపు మనసుంటే ఫ్లోరెన్స్‌లోని యూరోపియన్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1972 ఒప్పందంతో ఏర్పడి 1976లో తలుపులు తెరిచింది, ఈయూ చారిత్రక పత్రాల భాండాగారం కూడా దాని ఆవరణలోనే ఉంది. మన దేశంలో జేఎన్‌యూలో యూరోపియన్ స్టడీస్ కేంద్రం ఉంది. జీతంతో పీహెచ్‌డీ కావాలంటే మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ డాక్టరల్ నెట్‌వర్క్‌లు అన్ని దేశాల వాళ్లకూ తెరిచి ఉంటాయి. అక్కడ ఒక మెలిక ఉంది: చేరే తేదీకి ముందున్న 36 నెలల్లో 12 నెలలకు మించి ఆ దేశంలో ఉండి ఉంటే అక్కడి పోస్టుకు అర్హత ఉండదు. నెదర్లాండ్స్‌లో రెండేళ్లు మాస్టర్స్ చేసి వెంటనే అక్కడే ఈ పీహెచ్‌డీకి వెళ్దామంటే కుదరదు, బెల్జియంలోనో ఇటలీలోనో వెతుక్కోవాలి. మాస్టర్స్ దేశం ఖాయం చేసుకునేటప్పుడే ఈ లెక్క కూడా వేసుకోండి.